గాల్మే మిట్ట మీద అడ్డు చెక్క

సేబ్యోక్ మోటార్స్ కార్ల మీద 1976 నుంచి 2005 దాకా డ్రైవర్లు వేసిన జోకులన్నీ ఇకమీదట చెల్లవని సోల్‌పో నగర మేయర్ తక్ యూన్‌బే గారు మార్చి తొమ్మిదో తేదీ ఉదయం పది గంటలకు ప్రకటించారు. జోకులు వేసినవాళ్ళు గుర్తింపు కార్డుతో నగర కార్యాలయానికి వచ్చి, నెల రోజుల్లోగా వాటిని స్వచ్ఛందంగా వెనక్కి తీసుకోవాలి. రానివాళ్ళ జోకులు వాటంతటవే రద్దవుతాయి. చనిపోయినవాళ్ళ తరపున వారసులు రావచ్చు.

నేను ఆ కార్యాలయం ప్రచార విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగిని. ప్రెస్ నోట్ రాసింది నేనే. వారసుల సంగతి మాత్రం మేయర్ గారు స్వయంగా చేర్చారు. ఆయన దూరదృష్టి అలాంటిది.

మా ఊళ్ళో ప్రతి ముగ్గురిలో ఒకరికి సేబ్యోక్ జీతమిస్తుంది. మిగతా ఇద్దరూ ఆ ఒకరికి అన్నమో, సోజూ సారాయో, చెప్పులో అమ్ముకుని బతుకుతారు. కాబట్టి కంపెనీ పరువంటే మాకు ఇంటి పరువుకన్నా ఎక్కువ. 1976లో సేబ్యోక్ మొదటి కారు ‘దురుమి’ ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చినప్పుడు ఊరంతా రోడ్డు మీద నిలబడి ఆనందంతో ఏడ్చిందని మా నాన్న చెప్తాడు. దురుమి అంటే కొంగ. ఏడాది తిరిగేసరికి దాన్ని కొన్నవాళ్ళు మాత్రమే ఏడుస్తూ మిగిలారు. పదేళ్ళకి డ్రైవర్లు నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత కార్లు ఓడలెక్కి విదేశాలకెళ్ళాయి, అక్కడివాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు చాలా ఏళ్ళు నడిచింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చూసుకోలేదు గానీ, ఇప్పుడు ఆ దేశాల్లో సేబ్యోక్ కారు కావాలంటే తొమ్మిది నెలలు ఆగాలి. నిరుడు అక్కడి పత్రిక ఒకటి ఏడాది మేటి కారు బహుమతి కూడా ఇచ్చింది.

అంతా బాగానే ఉంది. ఆ పత్రిక విలేకరి ఫిబ్రవరిలో మా ఊరు చూడ్డానికి రావడమే బాగోలేదు. ఆయన స్టేషన్ దగ్గర టాక్సీ ఎక్కాడు. టాక్సీ గాల్మే మిట్ట ఎక్కింది. సగంలో ఎర్రలైటు పడింది. డ్రైవరు సీటు కిందకి చెయ్యి పెట్టి, ఒక చెక్క ముక్క తీసి, ఒక్క మాటా మాట్లాడకుండా ఆయన చేతిలో పెట్టాడు.

ఇది మా ఊరి మర్యాద. పాత దురుమికి ఆ ఎత్తులో బ్రేకు నిలిచేది కాదని ఒక అపోహ ఉండేది. ఇప్పుడు దాన్ని అపోహ అనే అనాలి. అందుకని ముందు సీట్లో కూర్చున్న ప్యాసింజరు దిగి వెనక చక్రం కింద చెక్క పెట్టేవాడు. పచ్చలైటు పడగానే చెక్క లాక్కుని పరుగెత్తుకొచ్చి ఎక్కేవాడు. మా నాన్న అప్పట్లో టాక్సీ తోలేవాడు. మా అమ్మ ఓ వానాకాలం ఆయన ప్యాసింజరు. చెక్క ఒక్కసారికే కుదిరేలా పెట్టిందని పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పటి కార్లకి ఇవేవీ అక్కర్లేదు, కొండల మీద వాటంతటవే నిలబడతాయి. అయినా టాక్సీల్లో చెక్కలు పోలేదు.

విలేకరి దిగి చెక్క పెట్టాడట. పాపం, చాలా జాగ్రత్తగా పెట్టాడట. తిరిగెళ్ళి తన పత్రికలో ఆ చెక్క గురించి ఆరు లైన్లు రాశాడు. అవి చదివాక మేయర్ గారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మేలో సేబ్యోక్ యాభై ఏళ్ళ ఉత్సవం. జూన్‌లో ఎన్నికలు. అందుకే ఆ ప్రకటన. దాని కింద ఇంకో లైను కూడా ఉంది: టాక్సీల్లో ఉన్న అడ్డు చెక్కలన్నీ కార్యాలయానికి అప్పగించాలి.

జోకులు వెనక్కి తీసుకునే కౌంటర్ కింది అంతస్తులో పెట్టారు. నన్నే కూర్చోబెట్టారు. ఏ జోకు రద్దవుతోందో రికార్డులో ఉండాలి కాబట్టి, వచ్చినవాళ్ళు దాన్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చెప్పాలని రూలు. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నాలుగో రోజుకి వరస వీధి మలుపు దాటింది. సగం మంది చెప్పడానికి వచ్చినవాళ్ళు కాదు, వినడానికి వచ్చినవాళ్ళు.

కంపెనీ గుర్తు మీద కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందంటే రెండో కాలు మెకానిక్ దగ్గరుంది కాబట్టి అని ఒకాయన వెనక్కి తీసుకున్నాడు. దురుమిని సముద్రం వైపు పార్క్ చేస్తే తెల్లారేసరికి స్టీరింగ్ మాత్రం మిగులుతుందని ఇంకొకాయన వెనక్కి తీసుకున్నాడు. ఎగుమతి బండికి మందం రేకు, మన బండికి పలచ రేకు, అందుకే మన బండి అద్దం దించకుండానే బయట మాటలు వినిపిస్తాయి అన్నది ఒక్కటే నలభై మంది విడివిడిగా వెనక్కి తీసుకున్నారు. దురుమిని ఎన్నడూ తోలని కుర్ర డ్రైవర్లు కూడా కొత్త జోకులు తయారుచేసుకుని మరీ వచ్చి వెనక్కి తీసుకున్నారు. మొత్తం పన్నెండు వందల ఆరు. రెండు సంపుటాలుగా బైండ్ చేయించి మేయర్ గారికిచ్చాం. తలుపేసుకుని ఒక్క పూటలో చదివేశారు. బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొట్ట పట్టుకుని ఉన్నారు. దేశభక్తి అనుకుంటాను.

చెక్కలు పంతొమ్మిది వందల పద్నాలుగు వచ్చాయి. ఒక్కోదానికి నంబర్ వేసి నేలమాళిగలో పేర్చాం.

ప్యో మాన్‌గిల్ గారు వచ్చింది చివరి వారంలో. డెబ్భై ఒక్క ఏళ్ళ టాక్సీ డ్రైవరు. ఇస్త్రీ చొక్కా, తెల్ల గ్లౌజులు. ఆయన చేతిలో గుడ్డసంచీ ఉంది. అందులోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టారు.

“ఇది జోకు కాదు అబ్బాయ్, ఫిర్యాదు.”

“ఇక్కడ జోకులే తీసుకుంటాం బాబాయ్.”

“ఫిర్యాదులెక్కడ తీసుకుంటారు?”

“ఎక్కడా తీసుకోరు.”

ఆయన కాసేపు ఆలోచించారు. వెనకాల వరస కూడా ఆయనతో పాటు ఆలోచించింది.

“సరే, జోకనే రాసుకో,” అన్నారు.

ఆయన చెప్పింది ఇది. 1991 ఏప్రిల్ పదిహేడు, మధ్యాహ్నం. గాల్మే మిట్ట, ఎర్రలైటు. ఆయన తోలుతున్నది టాక్సీ యజమాని బండి, పాత దురుమి. ముందు సీట్లో ప్యాసింజరు నిండు గర్భిణి, ఆమెని దిగి చెక్క పెట్టమనలేకపోయారు. కాలు బ్రేకు మీదే ఉంది. గట్టిగానే ఉంది. అయినా బండి దానంతటది వెనక్కి బయల్దేరి, ముప్ఫై ఎనిమిది మీటర్లు జారి, కింద పోలీస్ ఔట్‌పోస్ట్ ముందున్న పూలకుండీని పగలగొట్టి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమెకి తర్వాత వారమే మగపిల్లాడు పుట్టాడు. కానీ పోలీసు రిపోర్టులో ‘కారణం’ అన్న చోట ‘డ్రైవరు అజాగ్రత్త’ అని రాశారు.

సొంత టాక్సీ లైసెన్సు రావాలంటే అప్పట్లో పదేళ్ళు ప్రమాదం లేకుండా తోలి ఉండాలి. ప్యో గారికి పదేళ్ళు నిండడానికి పదకొండు రోజులుంది. ఆ ఏడాదితో మా ఊళ్ళో కొత్త లైసెన్సులివ్వడమే ఆపేశారు. పాత రికార్డు సరిదిద్దితే తప్ప ఇక ఆయనకి దారి లేదు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా ఇంకొకడి టాక్సీయే తోలుతున్నారు. ప్రతి ఏప్రిల్ పదిహేడున కంపెనీకి ఉత్తరం రాస్తారు. ముప్ఫై నాలుగు ఉత్తరాలు. ముప్ఫై నాలుగు జవాబులు: ‘డ్రైవరు అజాగ్రత్త. మా ఉత్పత్తుల పట్ల మీ ఆసక్తికి కృతజ్ఞతలు.’

“చచ్చేలోపు, బ్రేకు మీద నా కాలుందని ఒక్కడు ఒప్పుకుంటే చాలు అబ్బాయ్.”

వెయ్యి నూట పద్దెనిమిదో జోకుగా నమోదు చేశాను. అన్నిట్లోకీ అదే తక్కువ నవ్వొచ్చేది. మా సెక్షన్ ఆఫీసరు మాత్రం దానికే ఎక్కువ నవ్వాడు.

ఆ వారంలోనే ఉత్సవం మీద సమావేశం జరిగింది. ఇటు మేయర్ గారు, అటు సేబ్యోక్ ప్రతిష్ఠా విభాగం డైరెక్టరు నమ్‌గుంగ్ హ్యోక్ గారు, మూలలో మినిట్స్ రాసుకుంటూ నేను. నమ్‌గుంగ్ గారు అరగంట నవ్వకుండా కూర్చోగలరు. అది ఆయన ఉద్యోగమే.

మేయర్ గారు తన ఆలోచన చెప్పారు. గతం ఎంత ఘోరంగా ఉంటే విజయం అంత గొప్పగా కనిపిస్తుంది కాబట్టి, దురుమి దరిద్రంగా ఉండేదని మనమే ముందు చెప్పేస్తే సరిపోతుందన్నారు.

“లీగల్ వాళ్ళు ఒప్పుకోరు సార్,” అన్నారు నమ్‌గుంగ్ గారు. “దురుమి ఎప్పుడూ దరిద్రంగా లేదు.”

“కాస్తయినా?”

“కాస్త కూడా లేదు. అప్పుడు బాగుంది. ఇప్పుడూ బాగుంది.”

“మరైతే యాభై ఏళ్ళలో మారిందేమిటయ్యా? ఏమీ మారకపోతే ఉత్సవం దేనికి?”

కప్పుల్లో బార్లీ టీ చల్లారిపోయింది.

“డ్రైవర్లు మారారు సార్,” అన్నారు నమ్‌గుంగ్ గారు.

మేయర్ గారు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. చరిత్ర అలా నిశ్శబ్దంగా తయారవుతుందని నాకప్పుడే తెలిసింది. కార్లు మొదట్నుంచీ బాగానే ఉన్నాయి. డ్రైవర్లే బాగా లేరు. యాభై ఏళ్ళు కంపెనీ ఓపిక పట్టింది, ఇప్పుడు డ్రైవర్లు కార్ల స్థాయికి ఎదిగారు. ఉత్సవం డ్రైవర్లకే. ‘మిక్కిలి మెరుగుపడిన డ్రైవర్’ అని బహుమతి కూడా పెట్టారు. ఎవరికివ్వాలని వెతికితే, కంపెనీ పట్ల ముప్ఫై నాలుగేళ్ళుగా ఏటా లిఖితపూర్వకంగా ఆసక్తి చూపిన డ్రైవరు ఊరు మొత్తానికి ఒక్కడే తేలాడు.

బహుమతి ఉత్తరం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ప్యో గారు ఓక్‌బున్ పిన్ని హోటల్లో భోజనం చేస్తున్నారు. అది డ్రైవర్ల హోటల్. కూర్చోగానే అడక్కుండా పళ్ళెం వస్తుంది, ముద్ద దిగేలోపు రెండో కిమ్చీ పచ్చడి గిన్నె వస్తుంది, పది నిమిషాలు దాటి కూర్చుంటే పిన్ని బల్ల తుడవడం మొదలుపెడుతుంది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి పళ్ళెం పక్కన పెట్టారు. పిన్ని తీసుకుని గట్టిగా చదివింది. హోటలంతా చాప్‌స్టిక్‌లు ఆపి వింది.

“మెరుగుపడ్డావంట మాన్‌గిల్ అన్నా,” అంది పిన్ని. “నలభై అయిదేళ్ళు తోలావు, ఇప్పటికి చేతికొచ్చిందంట.”

“ఇంకో నలభై అయిదేళ్ళు తోలితే స్టీరింగ్ కూడా ఇస్తారేమో,” అన్నాడు మూల బల్ల దగ్గర ఒక డ్రైవరు.

ప్యో గారు నవ్వలేదు. పంది మాంసం ముక్క ఆకులో చుట్టుకుని, నిదానంగా నమిలి, నావైపు తిరిగారు. బహుమతి తీసుకుంటానన్నారు. ఒక్కటే షరతు. ఉత్సవం రోజు ఊరేగింపు పాత దురుమిలో గాల్మే మిట్ట మీదుగా వెళ్ళాలి, ఎర్రలైటు పడితే ఆగాలి.

“అంతేనా బాబాయ్?”

“అంతే. చట్టం ప్రకారం ఆగాలి కదా.”

మేయర్ గారికి షరతు ఎంత నచ్చిందంటే, దురుమిని తనే తోలతానన్నారు. పోస్టర్ అప్పటికప్పుడు గీయించారు. కష్టం మాత్రం దురుమి దొరకడం దగ్గరొచ్చింది. దేశంలో ఒక్కటీ మిగల్లేదు. చివరికి సముద్రాలవతల ఒక దేశంలో, ఒక రైతు పెరట్లో, కోళ్ళగూడుగా పనిచేస్తున్న దురుమి దొరికింది. రైతు ఇవ్వనన్నాడట, ఉత్సవం అవగానే తిరిగిచ్చేస్తామని చెప్పి తెచ్చారు. యాభై ఏళ్ళలో ఆ కారు మీద ఒక్క ఫిర్యాదు కూడా లేని వాడకందారు ఆయనొక్కడే కాబట్టి, నమ్‌గుంగ్ గారు ఆయన సంతకంతో ప్రశంసాపత్రం కూడా తెచ్చారు. పద్నాలుగు మంది ఇంజనీర్లు మూడు వారాలు పనిచేసి దాన్ని అచ్చం 1976లో ఉన్నట్టు చేశారు. ఏ భాగమూ కొత్తది వెయ్యలేదు. చరిత్రకి ద్రోహం చెయ్యకూడదని మేయర్ గారి ఆదేశం. బ్రేకు కూడా అప్పటిదే.

మే పదిహేడు ఉదయం మిట్ట కింద, పోలీస్ ఔట్‌పోస్ట్ ముందు, కొత్త బండికి చేసే పూజ చేశాం. బల్ల మీద ఉడికించిన పందితల, పండ్లు, తెల్లదారం చుట్టిన ఎండుచేప. మామూలుగా పంది నోట్లో డబ్బు నోట్లు పెడతారు. నమ్‌గుంగ్ గారు విదేశీ బహుమతి పత్రాన్ని గుండ్రంగా చుట్టి పెట్టారు. మేయర్ గారు సాష్టాంగపడి మొక్కారు, నాలుగు చక్రాల మీదా మక్గల్లీ అనే బియ్యం కల్లు పోశారు, ఎండుచేపని బానెట్ కింద కట్టారు. ఆ విదేశీ విలేకరిని కూడా పిలిచాం. ఆయన ముందు వరసలో కూర్చుని అన్నీ రాసుకుంటున్నాడు.

ప్యో గారు తెల్ల గ్లౌజులతో వచ్చారు. చేతిలో సంచీ. నమ్‌గుంగ్ గారు సంచీ విప్పించి చూశారు. అందులో అడ్డు చెక్క ఉంది.

“ఇది కంపెనీ పరువుకి భంగం,” అన్నారు నమ్‌గుంగ్ గారు.

“నాకు తెలుసు బాబూ. మేయర్ గారి క్షేమం కోసం తెచ్చాను.”

చెక్కని లాక్కుని నాకిచ్చారు. దాని మీద 1,915 అని రాసి కార్యాలయానికి పంపించాను. ఫోటోలు తియ్యాలి కాబట్టి నేను వెనక సీట్లో ఎక్కాను. మేయర్ గారు స్టీరింగ్ ముందు, ప్యో గారు పక్కన. బ్యాండు మేళం మొదలైంది. దురుమి దగ్గి, వణికి, బయల్దేరింది. జనం చప్పట్లు కొట్టారు. మిట్ట ఎక్కుతుంటే లోపల కోళ్ళ వాసన కొద్దిగా వచ్చింది.

సగంలో ఎర్రలైటు పడింది. మేయర్ గారు బండి ఆపి, కిటికీలోంచి చెయ్యి ఊపారు.

“ఏం పెద్దాయనా, ఎంత హాయిగా ఉంది? ఇంత మంచి బండికా మీరంతా పేరు పాడుచేసింది?”

“బ్రేకు మీద కాలుందా సార్?” అన్నారు ప్యో గారు.

“ఉంది.”

“గట్టిగా?”

“గట్టిగానే.”

“అలాగే ఉంచండి. నేనూ అలాగే ఉంచాను.”

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మేయర్ గారు అద్దంలోకి చూసి, “సముద్రం దగ్గరికొస్తోందేంటి?” అన్నారు.

“సముద్రం కదలదు సార్.”

మేయర్ గారు రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి సీట్లోంచి లేచి నిలబడ్డారు. హ్యాండ్ బ్రేకు లాగితే అది పూర్తిగా వచ్చి చేతిలో ఉండిపోయింది. ప్యో గారు గ్లౌజులు సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా జన్మలో అంత ప్రశాంతంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. నా వయసు ముప్ఫై నాలుగు. ఊరేగింపులో ఇదీ ఒక భాగమనుకుని జనం చప్పట్లు రెట్టింపు చేశారు. వెనకాల వస్తున్న బ్యాండువాళ్ళు పాట ఆపకుండా వెనక్కి నడిచారు, ఆఖర్న మాత్రం పరుగెత్తారు. దురుమి నిదానంగా, గౌరవంగా వెళ్ళి పూజ బల్లని గుద్ది ఆగింది. పందితల ఎగిరి నమ్‌గుంగ్ గారి ఒళ్ళో పడింది. బహుమతి పత్రం దాని నోట్లోనే ఉంది.

మేయర్ గారు మెడ పట్టుకుని దిగారు. దిగుతూనే కెమెరాల ముందు, ఆలోచించుకునే వ్యవధి లేక, ఒక నిజం చెప్పేశారు.

“నేను బ్రేకు వదల్లేదు. బండే వెళ్ళింది.”

ప్యో గారు కళ్ళు మూసుకున్నారు. పాట విన్నట్టు విన్నారు.

ఔట్‌పోస్టులోంచి గిల్ అనే కుర్ర కానిస్టేబుల్ ఫారం పట్టుకుని వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, రూలు తప్ప ఇంకేమీ తెలియనివాడు. టేపుతో కొలిచాడు. ముప్ఫై ఎనిమిది మీటర్లు. కాలు బ్రేకు మీద ఉందని మేయర్ గారు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు.

“కారణం అన్న చోట రెండే గళ్ళున్నాయి సార్,” అన్నాడు. “డ్రైవరు అజాగ్రత్త, లేదా వాహన లోపం. ఏది టిక్కు పెట్టమంటారు?”

నమ్‌గుంగ్ గారు పందితలని పక్కన పెట్టి మేయర్ గారి చెవిలో ఏదో చెప్పారు. మేయర్ గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. వాహన లోపం అంటే సేబ్యోక్ పోతుంది. డ్రైవరు అజాగ్రత్త అంటే జూన్ పోతుంది. విలేకరి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఇలాంటి క్షణంలోనే నాయకుడెవరో తెలుస్తుంది.

“ప్రమాదమే జరగలేదు,” అన్నారు మేయర్ గారు.

కానిస్టేబుల్ బల్ల వైపు చూశాడు. “మరి ఈ బల్ల సార్?”

“పూజ అయిపోయింది. బల్ల తీసేశాం.”

ఊరేగింపు ముందుకెళ్ళాలని ఎక్కడా రాసి లేదని, గతంలోకి తిరిగి చూసుకోవడమే ఉత్సవం ఉద్దేశమని మేయర్ గారు పత్రికలవాళ్ళకి వివరించారు. నమ్‌గుంగ్ గారు తల ఊపారు. కానిస్టేబుల్ గిల్ రెండు గళ్ళూ వదిలేసి కింద రాశాడు: గాల్మే మిట్ట, ఎర్రలైటు, దురుమి, కాలు బ్రేకు మీద ఉంది, బండి దానంతటది ముప్ఫై ఎనిమిది మీటర్లు వెనక్కి వచ్చింది, ప్రమాదం జరగలేదు. మేయర్ గారు కింద సంతకం పెట్టి నగరం ముద్ర కొట్టించారు.

“నాకో కాపీ ఇస్తావా బాబూ,” అన్నారు ప్యో గారు. “ప్యాసింజర్ని కదా.”

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆయన నా కౌంటర్ దగ్గరున్నారు. రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. ఒకటి 1991ది, ఒకటి నిన్నటిది. మిట్ట అదే, లైటు అదే, బండి అదే, మీటర్లూ అవే, కాలూ అక్కడే. ఆఖరి లైను మాత్రం వేరు. రెండూ ఒకేలా ఉండేట్టు సరిచెయ్యమన్నారు. ఎటువైపు సరిచేసినా తనకి అభ్యంతరం లేదన్నారు.

ఆ కాగితాలు పట్టుకుని నేను పై అంతస్తుకి వెళ్ళాను. మెడకి పట్టీ వేసుకుని ఉన్న మేయర్ గారు వాటిని చూసి, కిటికీలోంచి చాలాసేపు మిట్ట వైపు చూశారు. తర్వాత పెన్ను అడిగారు. 1991 ఏప్రిల్ పదిహేడున కూడా ప్రమాదం జరగలేదని రాసి ముద్ర వేశారు. వారం తిరక్కుండా, మేయర్ గారి చేతుల మీదుగానే, ప్యో మాన్‌గిల్ గారికి నలభై అయిదేళ్ళు ప్రమాదం లేకుండా తోలినందుకు బ్యాడ్జీ, సొంత టాక్సీ లైసెన్సు అందాయి. బ్యాడ్జీ గుచ్చుతున్నప్పుడు ఆయన మేయర్ గారి చెవి దగ్గరికి వంగి ఒక్కటే మాట అన్నారట. “మీ కాలు బ్రేకు మీదే ఉంది సార్. నేను చూశాను.” మేయర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెడ నొప్పి అని ప్రెస్ నోట్‌లో రాశాను.

ఆ తర్వాత సోమవారం ఓక్‌బున్ పిన్ని హోటల్ ఖాళీగా ఉంది. ఊళ్ళో పాత డ్రైవర్లందరూ కౌంటర్ ముందున్నారు, తలా ఒక పాత రిపోర్టుతో. మూడు వందల పన్నెండు మంది. అందరికీ ఒకే కారణం, డ్రైవరు అజాగ్రత్త. అందరికీ ఓట్లున్నాయి, వాళ్ళ కుటుంబాలకీ ఉన్నాయి. మేయర్ గారు రెండు రోజులు కూర్చుని ముద్రలు కొట్టారు. మూడో రోజు కొట్టింది నేనే.

అలా లెక్క తేలింది. 1976 నుంచి ఇప్పటిదాకా సోల్‌పో నగరంలో సేబ్యోక్ కారుతో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. కంపెనీ దాన్ని పెద్ద పెద్ద బోర్డుల మీద వేయించింది: ‘పుట్టిన ఊళ్ళో యాభై ఏళ్ళు, ఒక్క ప్రమాదం లేదు.’ విదేశీ విలేకరి ఈసారి రెండు పేజీలు రాశాడు. అక్కడ కారు కోసం ఆగాల్సిన కాలం తొమ్మిది నెలల నుంచి పద్నాలుగు నెలలకి పెరిగింది. మేయర్ గారు జూన్‌లో మళ్ళీ గెలిచారు. కోళ్ళ రైతు తన గూడు తనకి తిరిగివ్వమని ఉత్తరం రాశాడు. కంపెనీ పట్ల ఆయన ఆసక్తికి కృతజ్ఞతలు తెలిపాం.

ప్యో గారు తన సొంత టాక్సీకి సేబ్యోక్ కొత్త కారు దురుమి ఎలక్ట్రిక్ తీసుకున్నారు. వేరే కంపెనీ బండి చూడను కూడా చూడలేదట. జూలైలో ఆ తెల్లబండి స్టేషన్ ముందు కనిపిస్తే నేను ముందు సీట్లో ఎక్కాను. లోపల కొత్త సీట్ల వాసన. బండి నడుస్తున్నట్టే తెలియడం లేదు.

“ఎలా ఉంది బాబాయ్ బండి?”

“బంగారం,” అన్నారాయన. “ప్రపంచంలో దీన్ని మించిన బండి లేదు. ఎవడైనా జోకేస్తే దింపేస్తా.”

గాల్మే మిట్ట ఎక్కాం. సగంలో ఎర్రలైటు పడింది. బండి కొండలా నిలబడింది. కొండ మీద వాహనం సురక్షితంగా నిలిపి ఉంచబడిందని తెరలోంచి అమ్మాయి గొంతు చెప్పింది. ప్యో గారు ఆ మాట పూర్తిగా విన్నారు. తర్వాత సీటు కిందకి చెయ్యి పెట్టి, చెక్క తీసి నా చేతిలో పెట్టారు. దాని మీద నా చేతిరాతే ఉంది, 1,915. నేలమాళిగలో మిగతా పంతొమ్మిది వందల పద్నాలుగు కూడా ఇప్పుడు లేవు. ఎవరు తీసుకెళ్ళారో రికార్డులో లేదు.

దిగి, వెనక చక్రం కింద పెట్టాను. మా అమ్మ కొడుకుని కదా, ఒక్కసారికే కుదిరింది.

తలెత్తి చూస్తే మిట్ట కిందిదాకా కార్ల వరస. అన్నీ కొత్తవే, అన్నీ సేబ్యోక్‌వే. ప్రతి కారు ముందు తలుపూ తెరుచుకుంది. ప్రతి కారు వెనకా ఒక మనిషి వంగున్నాడు.

నాలుగో కారు మేయర్ గారిది. మెడ పట్టీ వల్ల వంగలేక, ఆయన చెక్కని కాలితో చక్రం కిందకి తోస్తున్నారు. నేను నమస్కారం పెట్టాను. ఆయన తల ఊపలేక కళ్ళార్పి, చెక్కని ఇంకో తన్ను తన్ని, పచ్చలైటు కోసం చూస్తూ నిలబడ్డారు.